చచ్చిన దొర మళ్ళీ మళ్ళీ ఎందుకు లేస్తాడు?

ఈమధ్య ఒక సాహిత్య పాఠశాలలో కథావస్తువు గురించి మాట్లాడి కూచున్నాక ఒక విద్యార్థి లేచాడు. "సినిమా మీద రాస్తారు, నాటకం మీద రాస్తారు, టీవీ సీరియళ్ళని తిట్టడానికైనా రాస్తారు. మా వయసువాళ్ళు గంటలకొద్దీ ఆడే వీడియో ఆటల మీద మీరెవరూ ఎందుకు రాయరు?" అని అడిగాడు. "అది కాలక్షేపం, కళ కాదు" అన్నాను. చప్పట్లు కూడా పడ్డాయి. ఇంటికొచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఒకప్పుడు నవల గురించీ, ఆ తర్వాత సినిమా గురించీ పండితులు అన్నది సరిగ్గా ఈ మాటే. చదవని పుస్తకం మీద సమీక్ష రాసేవాణ్ణి మనం ఏమంటామో, ఆడని ఆట మీద తీర్పు చెప్పిన నన్నూ అదే అనాలి.

అంచేత మా మేనల్లుడు ఊరు వెళ్తూ మా యింట్లో వదిలేసిన ప్లేస్టేషన్ పోర్టబుల్ దుమ్ము దులిపి, రెండు నెలలు పట్టుబట్టి ఒక ఆట ఆడాను. అరచేతిలో ఇమిడే ఆ యంత్రాన్ని సోనీ కంపెనీ 2004లో జపాన్‌లో తెచ్చింది, పదేళ్ళ తర్వాత తయారుచెయ్యడం మానేసింది. ఆట పేరు 'క్యాజిల్‌వేనియా: ది డ్రాక్యులా ఎక్స్ క్రానికల్స్'. కొనామీ అనే జపాన్ కంపెనీ 2007లో విడుదల చేసింది. ఇది కొత్త ఆట కాదు. అదే కంపెనీ 1993లో పీసీ ఇంజన్ అనే యంత్రం కోసం, జపాన్‌లో మాత్రమే విడుదల చేసిన 'చి నో రోండో'ని తిరగరాసింది. దానికి మూలం 1986లో వచ్చిన 'అకుమాజో డ్రాక్యులా'. ఆ వెనక 1897 నాటి బ్రామ్ స్టోకర్ నవల. ఒకే దొరని నూట పదేళ్ళలో ఇన్నిసార్లు లేపారు. ఇన్నిసార్లు ఎందుకు లేపారన్నదే నా ప్రశ్న.

కథ కొత్తదేం కాదు. 1792. షాఫ్ట్ అనే దుష్టపురోహితుడు బలి ఇచ్చి డ్రాక్యులాని బతికిస్తాడు. ఊరు తగలబడుతుంది. అన్నెట్, మరియా మొదలైన ఆడపిల్లల్ని కోటలోకి ఎత్తుకుపోతారు. అన్నెట్‌ని పెళ్ళాడబోయే రిక్టర్ బెల్మాంట్ కొరడా పట్టుకుని బయల్దేరతాడు. అతని వంశానికి తరతరాలుగా రక్తపిశాచాల్ని వేటాడడమే వృత్తి. ఎడమనుంచి కుడికి నడుస్తూ, గోతులు దూకుతూ, ఎదురైనవాటిని కొరడాతో కొడుతూ కోట శిఖరం చేరి దొరని చంపాలి. అంతే ఆట.

ముందు వస్తువు సంగతి చూద్దాం. 1792 అంటే ఫ్రెంచి ప్రజలు రాచరికాన్ని రద్దుచేసి రిపబ్లిక్ ప్రకటించిన సంవత్సరం. యూరప్‌లో కోటల పునాదులు కదిలిపోతున్న ఆ ఏడాదే ఈ కథ జరుగుతుంది. ఆట మాత్రం ఆ సంగతి ఎరగనట్టే ఉంటుంది. తగలబడే ఊళ్ళో రిక్టర్‌కి ఎదురయ్యేవి అస్థిపంజరాలే. ఊరిజనం ఈ పోరులో ఎక్కడా లేరు. దొరని కూల్చేది జనం కాదు, ఒక వీరుడు. ఆ వీరుడికి అర్హత ఎలా వచ్చింది? పుట్టుకతో వచ్చింది. వంశపారంపర్యంగా పీడించే దొరమీదికి వంశపారంపర్యంగా రక్షించే దొర వెళ్తున్నాడన్నమాట. అతని చేతిలో ఉన్నది కొరడా. మన పల్లెల్లో కొరడా ఎవరి చేతిలో ఉండేదో తెలంగాణ పోరాట సాహిత్యం చదివినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఆ కొరడా దెబ్బలు ఎవరిమీద పడుతున్నాయన్నది ఇంతకన్నా ముఖ్యం. స్టోకర్ నవలలో డ్రాక్యులాకి నౌకర్లు లేరు. అతిథికి భోజనం తానే వడ్డిస్తాడు, పక్క తానే వేస్తాడు. ఇటలీ విమర్శకుడు ఫ్రాంకో మొరెట్టీ ఈ వివరం పట్టుకునే, డ్రాక్యులా విలాసాల్లో మునిగిన ప్రభువు కాడనీ, కూడబెట్టడం తప్ప మరొకటి తెలియని పెట్టుబడి రూపమనీ వాదించాడు. అంతకు చాలా ముందే, 1867లో, 'పెట్టుబడి' మొదటి సంపుటంలో మార్క్స్ పెట్టుబడిని రక్తపిశాచితో పోల్చాడు. గడిచిపోయిన శ్రమ బతికున్న శ్రమని పీల్చి బలుస్తుందని ఆయన భావం. మనవాళ్ళు వడ్డీవ్యాపారిని జలగ అంటారు. ఊహ ఒకటే, జంతువు వేరు.

ఆటలో డ్రాక్యులాకి మాత్రం నౌకర్లకి కొదవలేదు. అస్థిపంజరాలు, కవచాలు తొడిగిన భటులు, గబ్బిలాలు, చివరికి కొడవలి పట్టిన మృత్యువు కూడా అతని కొలువులో ఉద్యోగే. ఒక అస్థిపంజరాన్ని ఇరవయ్యోసారి కొడుతుంటే నాకు తట్టిందిది: వీళ్ళంతా ఒకప్పటి మనుషులే కదా! చచ్చినా వెట్టి తీరనివాళ్ళు. ఎముకలు మిగిలేదాకా పనిచేసి, ఎముకలతో కూడా పనిచేస్తున్నవాళ్ళు. దొరని చంపడానికి వెళ్ళే వీరుడు దారి పొడుగునా చంపేది ఈ వెట్టివాళ్ళనే. వాళ్ళ గురించి ఆట ఒక్క క్షణం ఆగదు. దాని దృక్పథంలో పెద్ద లోపం ఇదే.

ఐతే ఇక్కడే ఆగిపోతే మనం యాంత్రిక విమర్శ చేసినవాళ్ళమవుతాం. వస్తువుని ఖండించి రూపాన్ని వదిలెయ్యడం మనలో పాతజబ్బు. ఆటకి రూపం అంటే బొమ్మలు కాదు, నియమాలు. ఆటగాడి చేత ఏం చేయిస్తుంది, ఏం చెయ్యనివ్వదు అన్నది. రిక్టర్ ఒకసారి దూకాడంటే గాలిలో మనసు మార్చుకోవడం దాదాపు కుదరదు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరిపడతాడు. వెనక గొయ్యి ఉంటే చచ్చాడన్నమాటే. అంచేత దూకేముందే ఆలోచించాలి. గుండె బొమ్మ దొరికితే ప్రాణం పెరుగుతుందనుకున్నాను. పెరగదు. అది గొడ్డలో, పవిత్రజలమో విసరడానికయ్యే ఖర్చు. ప్రాణం నిలబెట్టే మాంసం ఎక్కడో గోడలో దాగుంటుంది. గోడ పగలగొట్టినవాడికే దొరుకుతుంది. మొదటి వారం ఒక్క ఘట్టం కూడా సరిగ్గా దాటలేకపోయాను. మృత్యువు దగ్గర ఎన్నిసార్లు చచ్చానో లెక్కపెట్టడం మానేశాను. కానీ ప్రతి చావుకీ కారణం ఉంది, ఆ కారణం నాకు కనబడుతూనే ఉంది. తప్పు చెయ్యడం, కారణం వెతకడం, మళ్ళీ చెయ్యడం. ఆచరణలో నేర్చుకోవడం మీద మనం వ్యాసాలు రాస్తాం. దాన్ని వేళ్ళతో అనుభవించింది నేనిక్కడే. ఇది ఉత్త కాలక్షేపం అన్న నా మాట తప్పు.

ఈ రూపం ఒకచోట వస్తువుని ఎదిరిస్తుంది కూడా. మరియా పన్నెండేళ్ళ పిల్ల. ఆమెని విడిపిస్తే ఆ తర్వాత ఆమెగా ఆడొచ్చు. పావురాలు విసురుతుంది, గాలిలో రెండోసారి ఎగురుతుంది. వంశగౌరవం మోస్తున్న రిక్టర్ బరువుగా నడిచే దారిలో ఈ పిల్ల చులాగ్గా దూసుకుపోతుంది. కథ చెప్పేది వీరుడు ఆడపిల్లల్ని కాపాడాడని. ఆట చేతికి చెప్పేది విడుదలైన పిల్ల వీరుణ్ణి మించిందని. నియమాలు చెప్పే ఈ రెండో మాట నిజమైంది.

దీనికి వ్యతిరేకమైన ఘట్టం అన్నెట్‌ది. మొదటిసారి ఆడినప్పుడు ఆమెని దాచిన చోటు నాకు దొరకలేదు. పోనీలే, దొరని చంపితే అందరూ బయటికొస్తారు అనుకుని ముందుకు నడిచాను. పై అంతస్తులో ఆమె రక్తపిశాచి అయి ఎదురొచ్చింది. ఆమెని నేనే చంపాల్సివచ్చింది. ఆ రాత్రి యంత్రం కట్టేసి చాలాసేపు కూచున్నాను. దొర చస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే చక్కబడతాయి అనుకునేవాళ్ళకి ఆ ఘట్టం పెద్ద పాఠం. ఆడవాళ్ళ విముక్తిని 'తర్వాత చూద్దాం' అని వాయిదా వేసిన ఉద్యమాల చరిత్ర మనకి తెలియనిది కాదు.

ఇక పునర్నిర్మాణం సంగతి. 1993 ఆటలో బొమ్మలు చుక్కచుక్కగా పేర్చినవి. రంగులు గాఢంగా, జపాన్ కార్టూను సినిమాలా ఉంటాయి. 2007 ఆటలో మూడు కొలతల బొమ్మలొచ్చాయి, నడక మాత్రం పాత పద్ధతిలోనే పక్కకి సాగుతుంది. కొత్త బొమ్మల్లో నునుపు ఎక్కువ, ప్రాణం తక్కువ. ఐతే ఈ పునర్నిర్మాణం ఒక మంచిపని చేసింది. పాత ఆటని కూడా తన లోపలే దాచింది. ఘట్టాల్లో వెతికి పట్టుకుంటే 1993 నాటి మూలం యథాతథంగా దొరుకుతుంది, దాని తరువాయి కథ అయిన 1997 నాటి 'సింఫనీ ఆఫ్ ది నైట్' కూడా దొరుకుతుంది. మూలాన్ని పక్కనే పెట్టి పాఠాంతరం అచ్చువేసే సంపాదకుడి నిజాయితీ ఇది. మన పాత నవలల పునర్ముద్రణల్లో ఎన్నిటికి ఈ నిజాయితీ ఉంది?

దీనికి మరో ముఖం ఉంది. 1986 ఆట పూర్తిచేస్తే చివర తెరమీద పేర్లు వస్తాయి. అవి మనుషుల పేర్లు కావు. భయానక చిత్రాల ప్రముఖుల పేర్లని వెటకారంగా వంకర తిప్పినవి. సంగీతం 'జేమ్స్ బనానా' అని ఉంటుంది. బ్రిటిష్ డ్రాక్యులా చిత్రాల సంగీతదర్శకుడు జేమ్స్ బెర్నార్డ్ మీద విసురది. ఆ మారుపేరు వెనక ఉన్నది కినుయో యమషితా అనే స్త్రీ. ఆమెతోబాటు సతోయే తెరషిమా కూడా ఆ సంగీతం చేసింది. ఆ రోజుల్లో జపాన్ ఆటల పరిశ్రమలో పనిచేసినవాళ్ళ అసలు పేర్లు దాచడం మామూలే. పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయనే భయం ఒక కారణమంటారు. ఆ తొలి ఆట బాణీల్లో ఒకటైన 'వాంపైర్ కిల్లర్' 1993లోనూ మోగింది, 2007లోనూ మోగింది. ఒకసారి చేసిన పని మళ్ళీమళ్ళీ సరుకై అమ్ముడుపోతూనే ఉంది. చేసినవాళ్ళ పేరు మాత్రం ఆ మొదటి తెరమీదికి రానేలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి రావచ్చు. కథలో డ్రాక్యులా తనంతట తాను లేవడు. మనుషులే లేపుతారు, తమ అధికారం కోసం. కథ బయటా అంతే. దొర శాశ్వతంగా చస్తే అమ్మడానికి మరో ఆట ఉండదు. గడిచిన శ్రమని లేపి నిలబెడితే మళ్ళీ రక్తం వస్తుంది. 2018లో 1993 నాటి మూలాన్నీ 'సింఫనీ'నీ కలిపి ప్లేస్టేషన్ 4 కోసం మళ్ళీ అమ్మారు. 2007 పునర్నిర్మాణం మాత్రం అందులో లేదు. తయారీ ఆగిపోయిన నా చేతిలోని యంత్రం పాడైతే నాకు ఆ పని కనుమరుగే. ఏ పని బతకాలో, ఏది చావాలో పాఠకుడు నిర్ణయించడం లేదు, బజారు నిర్ణయిస్తోంది. పుస్తకాల విషయంలో గ్రంథాలయాల కోసం పోరాడిన మనకి ఈ ప్రశ్న పరాయిది కాకూడదు.

ఆ విద్యార్థికి నేను ఉత్తరం రాశాను. నా జవాబు వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఆటల మీద రాయి, ఐతే కథాసారాంశం రాసి ఊరుకోవద్దు. నియమాలు చదువు. కొరడా ఎవరి చేతిలో ఉందో, దెబ్బ ఎవరిమీద పడుతోందో చూడు. ఆఖరున తెరమీద పేర్లు వస్తాయి, అక్కడిదాకా ఆడు. ఆ పేర్లు నిజమైనవేనా అని వెతుకు. వాడి దగ్గర్నుంచి వ్యాసం వస్తే ఈ పత్రికకే పంపిస్తాను. నేనిప్పుడు అన్నెట్ కోసం రెండోసారి ఆడుతున్నాను.