గీతలూ లెక్కలూ: విమర్శనాత్మక భూగోళశాస్త్రానికి పావగడ వేసే ప్రశ్న

భూగోళశాస్త్రం అనగానే మనలో చాలామందికి రంగులు పూసిన పటాలు, నదుల పేర్లు, పంటల జాబితాలు గుర్తుకు వస్తాయి. పటం ఉన్నదాన్ని ఉన్నట్టు చూపుతుందని బడిలో నేర్చుకున్నాం. ఆ పటాన్ని గీసింది ఎవరు, ఏ అవసరానికి గీశారు, దానివల్ల ఎవరు బాగుపడ్డారు, ఎవరు నష్టపోయారు అని అడిగే శాఖ ఒకటుంది. దానినే విమర్శనాత్మక భూగోళశాస్త్రం అంటున్నారు. సాహిత్య విద్యార్థులకు దీనితో పనేమిటన్న సందేహం రావడం సహజం. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుకునేవారికి ఈ శాస్త్రంతో మిగతావారికంటే ఎక్కువ పని ఉందని నా అభిప్రాయం. మనం కూర్చున్న చోటే ఒక గీతకు అవతలో ఇవతలో ఉంది కదా!

ఈ ఆలోచన వచ్చిన దారిని ముందుగా క్లుప్తంగా చూద్దాం. 1969లో అమెరికాలోని క్లార్క్ విశ్వవిద్యాలయంలో 'యాంటిపోడ్' పత్రిక మొదలైంది. 1973లో డేవిడ్ హార్వే సామాజిక న్యాయానికీ నగరానికీ గల సంబంధంపై గ్రంథం ప్రకటించారు. పంపిణీ న్యాయంగా ఉంటే చాలదు, ఆ పంపిణీ జరిగిన పద్ధతి కూడా న్యాయమైనదై ఉండాలన్నది అందులోని ముఖ్యమైన వాదం. 1974లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆన్రీ లెఫెవ్ర్, స్థలం అనేది ఖాళీ పాత్ర కాదనీ, సమాజం దానిని తయారుచేస్తుందనీ వాదించారు. 1984లో నీల్ స్మిత్ అసమాభివృద్ధిని వివరిస్తూ 'స్థాయి' అనే భావానికి ప్రాధాన్యం కల్పించారు. గ్రామం, జిల్లా, రాష్ట్రం, దేశం అనే మెట్లు ప్రకృతి ఇచ్చినవి కావని, మనుషులు ఏర్పరచినవేనని ఈ భావం సారాంశం. ఇటువంటి ఆలోచనాపరులు 1997లో కెనడాలోని వాంకూవర్‌లో మొదటి అంతర్జాతీయ సదస్సు జరుపుకున్నారు. ఆ వరుసలో అయిదవది 2007లో ముంబయిలో జరిగింది.

సదస్సులలో పుట్టిన భావాల విలువ సదస్సుల గదుల్లో తేలదు. వాటిని ఒక ఊరి మీద పెట్టి చూడాలి. అందుకు కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాను తీసుకుంటున్నాను.

పావగడ ఉనికే ఒక ప్రశ్న. ఈ తాలూకాకు తన సొంత జిల్లాలోని మిగతా భాగంతో హద్దు కలియదు. చుట్టూ చాలావరకు ఆంధ్రప్రదేశ్ భూమే ఉంటుంది. పడమటి వైపున మాత్రం చిత్రదుర్గ జిల్లా ద్వారా కర్ణాటకతో అంటుకొని ఉంటుంది. తాలూకాకూ జిల్లా కేంద్రానికీ నడుమ మడకశిర ప్రాంతం అడ్డువస్తుంది. ఆ మడకశిర కర్ణాటకలోకి చొచ్చుకొని ఉన్న ఆంధ్ర భూభాగం. అక్కడ కన్నడం మాట్లాడేవారు ఎందరో, ఇక్కడ తెలుగు మాట్లాడేవారూ అందరే. పెన్నేరు నంది కొండల దగ్గర పుట్టి, హిందూపురం వైపు ఆంధ్రలోకి వచ్చి, నాగలమడిక దగ్గర మళ్లీ కర్ణాటకలో కనబడి, తిరిగి ఆంధ్రలోకి పోతుంది. ఏటికి లేని హద్దు మనిషికి ఉంది.

అయితే హద్దు గీయడమే అన్యాయమని చెప్పి ఊరుకోవడం సులభం. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. నా దృష్టిలో అసలు చిక్కు గీతలో కంటే, గీత గీసిన తర్వాత ఏ స్థాయిలో లెక్క పెడుతున్నాం అన్నదానిలో ఉంది. దీనికి పావగడలో రెండు నిదర్శనాలు దొరుకుతాయి. ఒకటి భాషది, రెండవది భూమిది.

మొదట భాష సంగతి. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగిన 1956లోనే రాజ్యాంగానికి చేసిన ఏడవ సవరణ ద్వారా 350ఎ, 350బి అధికరణాలు వచ్చాయి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యం కల్పించాలని మొదటిది చెబుతుంది. ఆ ఏడాదే కేంద్రం వెలువరించిన రక్షణల పత్రంలో, ఒక ప్రాంతంలో 15 నుంచి 20 శాతం వరకు ఉన్న అల్పసంఖ్యాకుల భాషలో ముఖ్యమైన ప్రకటనలు ఇవ్వాలన్న ఏర్పాటు ఉంది. జిల్లాలో 60 శాతం మంది మాట్లాడే భాషకైతే అధికార భాషతో పాటు గుర్తింపు ఇవ్వవచ్చునన్న సూచన ఆ తర్వాతి రక్షణలలో ఉంది. ఇక్కడ విద్యార్థులు 'జిల్లా' అనే మాటను గమనించాలి. పావగడ సంతలో నిలబడి వింటే తెలుగు పెద్ద భాష. తుమకూరు జిల్లా మొత్తం మీద లెక్కిస్తే అదే తెలుగు చిన్న భాష. మనుషులు మారలేదు, మాట మారలేదు. లెక్కపెట్టే మెట్టు మారింది. హక్కు దొరకడమూ దొరకకపోవడమూ ఆ మెట్టును బట్టే నిర్ణయమవుతుంది. మడకశిర కన్నడిగుల విషయంలో కూడా ఇదే న్యాయం వర్తిస్తుందని మనం ఒప్పుకోవాలి. మన భాషకు గీత అవతల అడిగేదానిని గీత ఇవతల ఇతరులకు ఇవ్వలేకపోతే ఆ కోరికకు బలం ఉండదు.

ఇక భూమి సంగతి. పావగడ కరువు తాలూకా. మెట్టభూమి, వానమీద ఆధారపడిన వేరుశనగ, ఫ్లోరైడ్ కలిసిన బోరునీళ్లు, పనికోసం బెంగుళూరుకు వలస ఇక్కడి బతుకులు. అటువంటి చోట కర్ణాటక ప్రభుత్వం సౌర విద్యుత్ పార్కు నెలకొల్పింది. తిరుమణి, బాలసముద్రం, క్యాతగానచెర్లు, వళ్లూరు, రాయచెర్లు అనే అయిదు ఊళ్ల పరిధిలో సుమారు 13,000 ఎకరాలు తీసుకున్నారు. 2018 మార్చిలో మొదటి దశ ప్రారంభమైంది. 2019 చివరికి 2,050 మెగావాట్ల సామర్థ్యం పూర్తయింది. భూమిని కొనకుండా కౌలుకు తీసుకోవడం దీని ప్రత్యేకత. ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయలు ఇవ్వాలని, రెండేళ్లకొకసారి 5 శాతం పెంచాలని నిర్ణయించారు. పట్టా రైతు పేరనే ఉంటుంది. భూమిని పూర్తిగా పోగొట్టుకునే సేకరణ పద్ధతితో పోలిస్తే ఇది మెరుగైన ఏర్పాటే. ఎండకు ఎండిన చేనిమీద నిలకడైన రాబడి వచ్చిందని సంతోషించిన రైతులున్నారు. ఆ సంతోషాన్ని తక్కువచేసి మాట్లాడటం సరికాదు.

కాని లెక్కను మరొక స్థాయిలో వేసి చూద్దాం. 20 ఎకరాల ఆసామికి మొదటి రేటు ప్రకారం ఏడాదికి 4,20,000 రూపాయలు వస్తాయి. రెండెకరాల రైతుకు 42,000, అంటే నెలకు 3,500 వస్తాయి. ఆ చేలల్లో కలుపు తీసి, వేరుశనగ పీకి, కాయలు ఒలిచి బతికిన కూలివానికి ఏమీ రాదు. నోటిమాట మీద గుత్తకు చేసుకున్నవాని పేరు పహణీలో ఉండదు. పంట కోసిన బీళ్లలో గొర్రెలు మేపుకున్నవానికి ఏ కాగితమూ లేదు. కంచె వేసిన తర్వాత వారికి మిగిలింది కావలి పని, గడ్డి కోసే పని, పలకలు తుడిచే పని, అదీ కొద్దిమందికే. మెగావాట్లలో లెక్కిస్తే పావగడ దేశానికి ఆదర్శం. ఎకరాలలో లెక్కిస్తే పట్టాదారుకు మేలు. చేతులలో లెక్కిస్తే ఏమిటన్నదే ప్రశ్న. షెడ్యూల్డు కులాలకు కేటాయించిన శాసనసభ నియోజకవర్గంలో ఆ చేతులు ఎక్కువగా ఎవరివో వేరుగా చెప్పనక్కరలేదు. హార్వే చెప్పిన 'పద్ధతి' ఇక్కడ పనికొస్తుంది. ఎకరానికి ఒకే రేటు ఇవ్వడం చూడటానికి సమానమే. కాని భూమి ముందే అసమానంగా ఉన్నప్పుడు సమాన రేటు ఆ అసమానతను కౌలు గడువంతటికీ స్థిరపరుస్తుంది.

భాష విషయంలో జిల్లా అనే మెట్టు కింద తెలుగు మాట్లాడేవాడు కనబడకుండా పోయాడు. భూమి విషయంలో పట్టా అనే మెట్టు కింద కూలివాడు కనబడకుండా పోయాడు. రెండింటిలోనూ ఎవరూ అబద్ధపు లెక్క వేయలేదు. లెక్క సరైనదే, స్థాయి ఎంపికలోనే తీర్పు దాగి ఉంది. విమర్శనాత్మక భూగోళశాస్త్రం మనకు ఇచ్చిన గొప్ప చూపు ఇదే.

మరి ఈ శాస్త్రానికి లోటు లేదా? ఉంది. ఈ సదస్సుల చర్చ చాలావరకు ఇంగ్లీషులో సాగుతుంది. ఈ భాషాధిపత్యాన్ని ఆ శాస్త్రజ్ఞులే కొందరు విమర్శించారు. దాని ఫలితంగా భూమి, పెట్టుబడి, నగరం మీద ఉన్నంత శ్రద్ధ ఊరి పేర్ల మీద, నుడికారం మీద కనిపించదు. పైన చెప్పిన అయిదు ఊళ్ల పేర్లను మరొకసారి చదవండి. క్యాతగానచెర్లు, రాయచెర్లు అన్నప్పుడు తెలుగు చెవికి చెరువు వినబడుతుంది. 'సముద్రం' అన్నా మన సీమలో పెద్ద చెరువే. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం ఇందుకు ఉదాహరణ. అయిదింటిలో మూడు ఊళ్లు నీటి పేరుతో పిలువబడుతున్నాయి. పథకాల కాగితాల్లో ఈ నేల 'బంజరు'గా కనబడవచ్చు. ఊరి పేరు మాత్రం ఇక్కడ నీళ్లు నిలిపిన మనుషులు ఉండేవారని చెబుతుంది. 'ఎండ తప్ప ఏమీ లేని చోటు' అన్నది ప్రకృతి వర్ణన కాదు, చెరువులను మరచిన తర్వాత రాసుకున్న వాక్యం. ఈ సాక్ష్యం చదవడానికి భాష తెలిసినవారు కావాలి.

లోటు మన వైపు కూడా ఉంది. రాష్ట్రేతర తెలుగువారి గురించి మనం రాసే వ్యాసాలు ఎక్కువగా బడులు, పుస్తకాలు, సంఖ్యలతో ముగుస్తాయి. తెలుగు మాట్లాడే ఆసామినీ తెలుగు మాట్లాడే కూలివానినీ ఒకే అంకె కింద వేసి 'మనవాళ్లు' అంటాం. 1955లో భాషారాష్ట్రాలపై రాస్తూ అంబేద్కర్, భాష పేరుతో ఏర్పడే రాష్ట్రంలో సంఖ్యాబలం గల కులం చేతిలో చిన్న కులాలు నలిగిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించారు. ఆ హెచ్చరిక అల్పసంఖ్యాక భాషా సమూహాలకు కూడా వర్తిస్తుంది. అలాగే, అనంతపురం కరువు మీద వచ్చిన కథను రాయలసీమ కథ అని చదువుతాం. అదే కరువు, అదే వేరుశనగ చేను, అదే మాట గీతకు ఇవతల ఉంటే దానికి మన సాహిత్య చరిత్రలో గది లేదు. ఆ గదుల పటాన్ని గీసింది విమర్శకులమైన మనమే.

కాబట్టి భూమిని లెక్కించేవారు భాషను, భాషను లెక్కించేవారు భూమిని చూడక తప్పదు. ఈ పని సదస్సులకు వదిలేయవలసినది కాదు. మీ తాలూకాలోని ఊరి పేర్లు, చెరువుల పేర్లు, చేలకు పెట్టుకున్న పేర్లు పెద్దవారిని అడిగి రాసుకోండి. ప్రతి పేరు పక్కన ఆ భూమి ఎవరిది, దాన్ని దున్నింది ఎవరు, ఇప్పుడు అక్కడ ఏముంది అని మరో మూడు గళ్లు గీసుకోండి. పహణీలో ఉన్న పేరుతో పాటు లేని పేరు కూడా అందులోకి ఎక్కాలి. ఆ పట్టిక నిండిన రోజున పావగడ గురించి మాట్లాడే హక్కు మనకు వస్తుంది.