దుబాసీ మమ్మల్ని ఏమని పిలుస్తాడు?

ఇటాలియన్‌లో చదివిన సమాజశాస్త్ర పత్రాన్ని చైనా భాషలో చెప్పే దుబాసీ కోసం వెతికేవాళ్లు మామూలుగా రెండే అడుగుతారు: రెండు భాషలూ వచ్చా, రోజుకెంత? మేం మూడోది కూడా అడగమంటున్నాం. కిందనున్న మనిషిని నువ్వు ఏమని పిలుస్తావు?

వెతుకులాట పాతదే. 1792లో చైనాకు బయల్దేరబోయే బ్రిటిష్ రాయబారానికి ఇంగ్లండులో దుబాసీ దొరకలేదు. జార్జి స్టాంటన్ నేపుల్స్ దాకా పోయి, మత్తెయో రీపా 1732లో పెట్టిన చైనీయుల కళాశాల నుంచి ఇద్దరు చైనా ఫాదరీలను తెచ్చుకున్నాడు. అప్పటి పేచీ వర్తకం గురించి, చక్రవర్తి ముందు వంగడం గురించి. సమాజశాస్త్రంలో పేచీ మాటలోనే ఉంటుంది.

గ్రాంసీనే తీసుకుందాం. ఫాసిస్టుల ఖైదీగా ఉండి 1934లో మొదలుపెట్టిన 25వ నోటుబుక్కు 'సుబాల్తెర్నీ' చరిత్ర గురించే. సైన్యంలో కింది హోదాకు వాడే మాటను ఆయన చరిత్ర అంచున పడినవాళ్లకు వాడాడు. ఈ గుంపులు చాలాసార్లు వేరే జాతి, వేరే మతం వాళ్లై ఉంటారనీ రాశాడు. సబాల్టర్న్ పేరు మీద పేరు తెచ్చుకున్న మన చరిత్రకారులు అక్కడ ఎక్కువసేపు ఆగలేదు లెండి.

ఈ రాతలు చైనాకు దొడ్డిదారిన చేరాయి. 1983 నాటి ఎంపిక రష్యన్ నుంచి, 2000 నాటిది ఇంగ్లీషు నుంచి అనువాదమయ్యాయి. 'ఎజెమొనీయా'ను కొందరు 'బాఛ్యువాన్' అన్నారు. అది 1970లలో చైనా ప్రభుత్వం అగ్రరాజ్యాల దౌర్జన్యాన్ని తిట్టిన మాట. ఒప్పించి ఏలడమనే గ్రాంసీ అర్థం అందులో ఎక్కడుంది?

అసలు గొడవ మా దగ్గరికొచ్చేసరికి మొదలవుతుంది. 'సుబాల్తెర్నో'కు 'దీత్సెంగ్', అంటే అట్టడుగు పొర, అని చెప్పే దుబాసీ, పత్రంలో దళితుల ప్రస్తావన రాగానే అలవాటుగా 'జ్యెన్‌మిన్' అనేస్తాడు. నీచ జనం అని దాని అర్థం. చైనాలోనే ఒకప్పుడు కొన్ని వృత్తులవాళ్లకు చట్టం తగిలించిన ముద్ర అది. 1723లో యుంగ్‌జెంగ్ చక్రవర్తి కొందరికి దాన్ని తీసేశాడు. వాళ్లకు పోయిన ముద్ర మాకెందుకు? ఒకే ఉపన్యాసంలో తూరిన్ కార్మికుడు అట్టడుగు పొర, మాలమాదిగలు నీచ జనమా? 'హరిజన' వద్దని, 'దళిత' అని మేం పెట్టుకున్న పేరును ఉన్నదున్నట్టు పలకడానికి చైనా భాషలో 'దాలీతె' ఉంది. వాడితే నోరేం అరిగిపోదు.

కాబట్టి దుబాసీని పరీక్షించాలి. ఇంగ్లీషు కాదు, ఇటాలియన్ మూలం చేతికిచ్చి ఒక పేజీ గట్టిగా చెప్పించాలి. ఈ మాటే ఎందుకు ఎంచుకున్నావని అడగాలి. సభకు ముందు పత్రం రాసినవాళ్లతో ఒక పూట కూర్చోబెట్టాలి. ఈ ఖర్చుకు వెనకాడే సంస్థలు భోజనాలకు మాత్రం వెనకాడవు.

ఇంకో సంగతి. అందరూ విశ్వవిద్యాలయాల్లోనే వెతుకుతారు. ఇటలీలోని ప్రాతోలో వెంజౌ నుంచి వచ్చిన చైనా జనం బట్టలు కుట్టే షెడ్లున్నాయి. 2013 డిసెంబరులో అలాంటి ఒకదాంట్లో నిప్పంటుకుని ఏడుగురు చైనా కార్మికులు చనిపోయారు. అలాంటి ఇళ్లల్లో పెరిగిన పిల్లలు బడిలో, ఆస్పత్రిలో అమ్మానాన్నలకు దుబాసీలై రెండు భాషలూ నేర్చారు. కూలి, పని గంటలు, అద్దె, అవమానం వాళ్లకు రెండు భాషల్లోనూ తెలుసు. లేనిది గ్రాంసీ పరిభాష. దాన్ని నేర్పొచ్చు. సెమినార్లవాళ్లు వీళ్ల తలుపు తట్టడం లేదు.