ఇసుక గిన్నెలో సిరా సీసా

2024లో మే 13న ఓట్లు వేశాం. జూన్ 4న లెక్కించారు. 2019లో అయితే ఏప్రిల్ 11న వేసి మే 23 దాకా, ఆరు వారాలు ఆగాం. 2024లో ఆగాల్సింది అందులో దాదాపు సగమే. అయినా ఇంత బరువుగా గడిచిన రోజులు నాకు గుర్తు లేవు. పల్నాడులో, తాడిపత్రిలో, చంద్రగిరిలో పోలింగ్ నాడూ ఆ తర్వాతా తలలు పగిలాయి. బంకుల్లో సీసాల్లోకి పెట్రోలు పోయొద్దని ఉత్తర్వులు వచ్చాయి. గుంటూరులో మా వీధిలో తలలు పగల్లేదు గానీ మాటలు తెగాయి. చుట్టాల వాట్సాప్ గ్రూపులోంచి మా చినమామయ్య చెప్పాపెట్టకుండా బయటికి వెళ్ళిపోయాడు. ఎదురింటి అన్నదమ్ములు పైవాటాలో ఒకరు, కిందివాటాలో ఒకరు చెరో చానెల్ పెట్టుకుని పోటాపోటీగా శబ్దం పెంచుకునేవారు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. ఎన్నికలొస్తే డ్యూటీ తప్పేది కాదు. ఓపీవోగా (ఇతర పోలింగ్ అధికారిగా) మొదలై ఏపీవో (సహాయ ప్రిసైడింగ్ అధికారి) దాకా చేశాను. అప్పట్నుంచీ ఒక అలవాటు పట్టుకుంది. ఎన్నికల చుట్టూ ఉండే చిన్న చిన్న సంగతులు, నిబంధనల పుస్తకంలో ఏ మూలనో ఉండేవి, పాత ఫలితాల్లో వింతగా కనిపించేవి ఒక నోటుబుక్కులో రాసుకుంటాను. ఎవరైనా వాదులాడుకుంటుంటే అందులోంచి ఒకటి తీసి మధ్యలో పెడతాను. ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకి ఇద్దరి దగ్గరా జవాబు సిద్ధంగా ఉంటుంది. వీటికి ఉండదు. అందుకని ఇద్దరూ చెవి ఒగ్గుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి సిరా సంగతులు. డ్యూటీలో ఎక్కువసార్లు నా చేతికొచ్చింది ఆ పనే. ఆ సిరా మైసూరు నుంచి వస్తుంది. నాల్వడి కృష్ణరాజ ఒడెయార్ కాలంలో, 1937లో పెట్టిన లక్క, రంగుల ఫ్యాక్టరీ అది. ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వ సంస్థ, మైసూర్ పెయింట్స్ అండ్ వార్నిష్. 1962 ఎన్నికల నుంచీ దేశం మొత్తానికీ అక్కడిదే. 2024 ఎన్నికలకి 26 లక్షలకు పైగా సీసాలు పంపారు. ఒక్కో సీసా దాదాపు ఏడువందల వేళ్ళకు వస్తుంది. అందులో ఉండే సిల్వర్ నైట్రేట్ చర్మం మీది ఉప్పుతో కలిసి, వెలుతురు తగిలేకొద్దీ నల్లబడుతుంది. చర్మం మీది మచ్చ కొన్నాళ్ళకు పోతుంది. గోటి మీదిది మాత్రం సబ్బుకీ నిమ్మచెక్కకీ లొంగదు, గోరు పెరిగితే దానితో పాటు ముందుకు జరుగుతుందంతే. 2006కి ముందు గోరూ చర్మమూ కలిసేచోట పెట్టేవాళ్ళం. ఆ తర్వాత గోటి పైకొస నుంచి మొదటి కణుపు దాకా గీత గీయమన్నారు. రీపోలింగ్ జరిగితే గీత మధ్యవేలికి మారుతుంది.

ఆ సీసాని బల్ల మీద పెట్టడానికో పద్ధతుంది. గిన్నెలోనో ఖాళీ డబ్బాలోనో ఇసుక పోసి, ఒలికిపోకుండా సీసాని అందులో నిలబెట్టాలి. ఎన్నికల సంఘం ఇచ్చే పుస్తకంలోనే ఉంటుందా మాట. ముందురోజు సాయంత్రం సామగ్రితో బడికి చేరగానే నేను చేసే మొదటి పని ఆవరణలోకి వెళ్ళి గుప్పెడు ఇసుక తెచ్చుకోవడం. తెల్లారితే ఓటర్లు వస్తారు. ముందు వేలు చూడాలి, అప్పటికే గుర్తుందేమోనని. నూనె రాసుకొస్తే గుడ్డతో తుడవాలి. మిర్చి యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ వేళ్ళకి చర్మం మందంగా, పగుళ్ళుగా ఉంటుంది. అక్కడ గీత నిటారుగా రాదు, పగుళ్ళలోకి పాకుతుంది. సిరా పుల్లని ఏటవాలుగా పట్టుకుని గోటి మీద మరోసారి అదమాలి. వాళ్ళు రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో వేసి, చీటీ తీసుకుని, కంట్రోల్ యూనిట్ దగ్గరికి వెళ్ళేలోపు అది ఆరిపోవాలి. వెనక క్యూ అరుస్తూంటుంది. అయినా తొందరపడి అలా తాకించి వదిలేస్తే ఆ పని చేసినట్టు కాదు.

ఓట్ల లెక్కింపు కోసం ఆగిన ఆ రోజుల్లోనే మా డాబా మీద ఆవకాయ పెట్టుకున్నాం. పక్కింటి వదినగారు, వెనకింటి సీతక్క, నేను ఏటా కలిసే పెడతాం. ఈసారీ ఇద్దరూ వచ్చారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. పోలింగ్‌కు ముందు ఏదో మాటా మాటా అయిందట. ఒకావిడ ముక్కలు తుడుస్తోంది, ఇంకొకావిడ ఆవపిండి జల్లిస్తోంది. "వదినా, ఎడమచేతికి వేళ్ళే లేనివాళ్ళకి సిరా ఎక్కడ పెడతారో చెప్పండి" అన్నాను.

"కుడిచేతికి పెడతారు. అదేం ప్రశ్న?"

"ఆ చేతికీ లేకపోతే?"

వదినగారు తుడవడం ఆపారు. "కాలికి పెడతారా?" అంది సీతక్క, అటువైపు నుంచి. "కాలికెందుకు పెడతారు, వదిలేస్తారేమో" అన్నారు వదినగారు. పదిహేను రోజుల్లో ఆవిడ సీతక్కకి ఇచ్చిన మొదటి జవాబు అది.

వదిలెయ్యరు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో స్పష్టంగా రాసి ఉంది. ఎడమ చూపుడువేలు లేకపోతే ఆ చేతికే ఉన్న మరో వేలికి. ఆ చేతికి వేళ్ళే లేకపోతే కుడి చూపుడువేలికి, అదీ లేకపోతే కుడిచేతి మరో వేలికి. రెండు చేతులకీ వేళ్ళు లేకపోతే, చెయ్యి ఎంతవరకు ఉందో ఆ చివర. సీతక్క వాళ్ళ నాన్నకి రైసుమిల్లు బెల్టులో పడి చూపుడువేలు పోయిందట. ఓటేసి వచ్చి పిల్లలకి మధ్యవేలు చూపించి మురిసిపోయేవాడట. "ఏ ఊళ్ళో మిల్లు?" అని వదినగారు అడిగారు. తెనాలి అంది. అక్కణ్ణించి కబుర్లు వాటంతటవే సాగాయి. చేతులు లేని మనిషి కూడా ఓటేయడానికి వస్తాడని ముందే తలచి, అతని విషయం అక్షరాల్లో రాసిపెట్టినవాళ్ళంటే నాకు ఎంతో గౌరవం.

ఆ నియమాల్లోనే ఇంకొకటుంది. వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని బూత్‌లో కూర్చున్న అభ్యర్థి ఏజెంటుకి అనుమానమొస్తే అభ్యంతరం చెప్పొచ్చు. అందుకు ప్రిసైడింగ్ అధికారి దగ్గర రెండు రూపాయలు కట్టాలి. అధికారి అక్కడికక్కడే విచారిస్తాడు. కావాలని పెట్టిన పేచీ అని తేలితే ఆ రెండు రూపాయలూ ప్రభుత్వానికి పోతాయి. డబ్బు చిన్నదే, కానీ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాలి, మనిషి మొహం చూస్తూ చెప్పాలి. బయట మైకుల్లో దొంగ ఓట్లని అరిచినంత తేలిగ్గా లోపల అనలేరు. పోలింగ్‌కి గంటన్నర ముందే ఏజెంట్లందరూ వచ్చి కూర్చుంటారు. వాళ్ళ కళ్ళెదురుగా కనీసం యాభై ఓట్లతో మాక్ పోల్ జరిపి, లెక్క చూపించి, తుడిచేసి, అప్పుడు అసలు పోలింగ్ మొదలుపెడతాం. ఆ బెంచీ మీద ఉప్పూనిప్పూ లాంటి పార్టీలవాళ్ళు ఒకే పొట్లంలోంచి ఇడ్లీ తినడం నేను చూశాను. ఆ దృశ్యం ఏ చానెల్లోనూ రాదు.

పాత ఫలితాల్లో నాకు బాగా నచ్చేది అనకాపల్లి. 1989లో అక్కడ లోక్‌సభ సీటును కొణతాల రామకృష్ణ గెలిచింది తొమ్మిది ఓట్ల తేడాతో. ఇద్దరికీ మూడేసి లక్షలకు దగ్గర్లో ఓట్లు వచ్చాయి, తేడా మాత్రం ఒక షేర్ ఆటోలో పట్టేంత మంది. పద్దెనిమిదేళ్ళ పిల్లలు తొలిసారి లోక్‌సభకు ఓటేసిన ఎన్నికలు కూడా అవే. 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషి ఒక్కటంటే ఒక్క ఓటుతో అసెంబ్లీ సీటు పోగొట్టుకున్నారు. నా ఒక్క ఓటుతో ఏమవుతుందనే కుర్రాళ్ళకి ఈ రెండూ చెబుతాను.

రెండో కొసన నంద్యాల ఉంది. 1991లో పి.వి. నరసింహారావు పార్లమెంటు సభ్యుడు కాకుండానే ప్రధాని అయ్యారు. ఆ నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో నిలబడ్డారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నది ఎన్టీ రామారావు. ఆయన రాజకీయమంతా కాంగ్రెస్ మీద పోరాటమే. అయినా తెలుగువాడు ప్రధాని అయ్యాడని, తన పార్టీ తరఫున పోటీ పెట్టలేదు. పి.వి. ఐదు లక్షల ఎనభై వేల మెజారిటీతో గెలిచారు. ఎన్టీఆర్‌కు దాంతో దక్కిన సీటేమీ లేదు. ఇవాళ ఈ సంగతి చెబితే ఇరవయ్యేళ్ళవాళ్ళు నిజమా అంటున్నారు. నిజమే. మా ఇళ్ళల్లో రెండు పార్టీలవాళ్ళూ ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు.

కోపాన్ని బ్యాలెట్ మీదే చూపించినవాళ్ళూ మనలో ఉన్నారు. ఫ్లోరైడు నీళ్ళతో ఎముకలు వంకరపోయిన నల్లగొండ జనం గోడు ఎవరూ వినడం లేదని 1996 లోక్‌సభ ఎన్నికల్లో గుంపుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడింది. అప్పటికి డిపాజిట్ ఐదు వందలు. ఆ ఏడే దాన్ని పదివేలు చేశారు. ఇప్పుడు పాతికవేలు. అయినా 2019లో నిజామాబాద్‌లో 185 మంది నిలబడ్డారు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక బ్యాలెట్ యూనిట్‌లో పదహారు పేర్లు పడతాయి. నోటాతో కలిపి లెక్కేస్తే బూత్‌కి పన్నెండు యూనిట్లు కావాలి. వాటిని వరసగా పేర్చి పోలింగ్ జరిపించిన అక్కడి ఉద్యోగుల కష్టం నాకు తెలుసు. ఒక రాయి విసరకుండా, ఒక బస్సు తగలబెట్టకుండా దేశం మొత్తం పసుపు గురించి మాట్లాడేలా చేసిన రైతులంటే ఇంకా గౌరవం.

సరిహద్దుల్లో మరో చిత్రం. సాలూరు పైనున్న కొటియా గ్రామాలు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా ఏళ్ళ తరబడి వాదించుకుంటున్నాయి. అక్కడి గిరిజనులకు రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ ఉన్నాయి. 2024లో రెండుచోట్లా పోలింగ్ ఒకే రోజు జరిగింది.

మొదటి సార్వత్రిక ఎన్నికల సంగతి ఒకటి ప్రతి ఏడూ నా క్లాసులో చెప్పేదాన్ని. 1951-52లో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాకెక్కలేదు. ఇంటికొచ్చిన గుమాస్తాకి వాళ్ళు తమ పేరు చెప్పలేదు, ఫలానావారి భార్యను, ఫలానావాడి తల్లిని అన్నారు. సొంత పేరు లేనిదే ఓటు లేదని అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ గట్టిగా నిలబడ్డారు. తర్వాతి ఎన్నికలకి వాళ్ళలో చాలామంది పేర్లు చెప్పారు. ఈ కథ విన్నాక మా ఆడపిల్లలు ఇంటికెళ్ళి నాయనమ్మల పేర్లు జాబితాలో వెతికేవాళ్ళు.

2024లో అందరూ ఇంత కక్ష ఎప్పుడూ లేదన్నారు. 1955 ఆంధ్ర మధ్యంతర ఎన్నికల గురించి పెద్దవాళ్ళు చెప్పింది విన్నవాళ్ళు అలా అనరు. కమ్యూనిస్టులదే రాజ్యమని ఒక పక్క, రానివ్వమని రెండో పక్క. పత్రికలు, నాటకాలు, బుర్రకథలు అన్నీ యుద్ధంలో దిగాయి. శ్రీశ్రీ కమ్యూనిస్టుల తరఫున ఊరూరా తిరిగారు. చివరికి 31 శాతం ఓట్లు వచ్చినా వాళ్ళకి 196 స్థానాల్లో దక్కినవి పదిహేను. మా అమ్మమ్మ ఓటేసిందీ ఆ ఎన్నికల్లోనే. అప్పుడు చీటీ మీద ముద్ర వేయడం లేదు. తెర వెనక అభ్యర్థికో పెట్టె, దాని మీద గుర్తు. నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావాలి. అమ్మమ్మ లోపలికెళ్ళి వరసలో ఉన్న పెట్టెలన్నిటికీ దణ్ణం పెట్టి, అప్పుడు ఒకదాంట్లో వేసిందట. ఏ పెట్టెలో వేసిందో తాతయ్యకి కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో ఆ ఏడు రెండు వర్గాల మధ్య పెళ్ళిపిలుపులు ఆగిపోయాయని కూడా ఆవిడే చెప్పింది. మూడేళ్ళకి మళ్ళీ మొదలయ్యాయట.

ఆ పెట్టెల్లో ఓటేసినవాళ్ళు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఉంటే, ఒక సాయంత్రం టీవీ కట్టేసి వాళ్ళ పక్కన కూర్చోండి. ఏ పార్టీకి వేశారని అడగొద్దు. పెట్టె ఎలా ఉండేది, ఎంత దూరం నడిచారు, ఎవరితో కలిసి వెళ్ళారు, డ్యూటీకి వచ్చిన మాస్టారు ఎక్కడ భోంచేశాడు, ఇవి అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి దాచుకోండి. ఊరి పేరూ ఏ సంవత్సరమో తప్పకుండా వేయండి.