నవలకు రెండు కాలాలు

సాహిత్య పాఠంలో ‘చారిత్రక నేపథ్యం’ అనగానే హైస్కూలు విద్యార్థులు రచయిత పుట్టిన ఊరు, చదువు, బిరుదులు, మరణించిన సంవత్సరం అనే వరుసను అందుకుంటారు. నోట్సులో మొదటి పేరా అలా నిండిపోయాక రెండో పేరాలో కథ మొదలవుతుంది, ఆ రెండింటికీ ఉన్న సంబంధమేమిటని పరీక్షలో ఎవరూ అడగరు. నిజానికి నేపథ్య పరిశోధన అంటే కథలోని మనుషులు అలా నడుచుకోవడానికి ఆనాటి చట్టం, ధర, కూలి, నమ్మకం ఎంతవరకు కారణమయ్యాయో వెతికి చూడటం. ఆ వెతుకులాటలో ముందుగా తేల్చుకోవలసినది, కథ జరిగిన కాలం ఏది, దానిని రాసిన కాలం ఏది అన్నది.

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల నుంచి వెళ్లి అమెరికాలో స్థిరపడిన కుటుంబాల పిల్లలకు అక్కడి హైస్కూలులో తరచుగా ఎదురయ్యే నవల మార్క్ ట్వైన్ రాసిన ‘హకల్‌బెరీ ఫిన్’. అది 1884 డిసెంబరులో ఇంగ్లండులోనూ, 1885 ఫిబ్రవరిలో అమెరికాలోనూ వెలువడింది; కథాకాలం అప్పటికి నలభై, యాభై ఏళ్ల కిందటిదని రచయిత పుస్తకం మొదట్లోనే సూచించాడు గనుక అది సుమారు 1835-45 మధ్య కాలమవుతుంది. పారిపోయిన బానిస జిమ్‌తో కలిసి తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతున్న హక్ అనే కుర్రవాడు, అతన్ని పట్టివ్వకపోవడం పాపమని, తనకు నరకం తప్పదని నమ్మి కూడా పట్టివ్వకూడదనే నిర్ణయించుకుంటాడు. ఈ ఘట్టానికి నేపథ్యం రాయమంటే తొందరపడే విద్యార్థులు 1850 నాటి పరారీ బానిసల చట్టాన్ని, అంటే తప్పించుకున్న బానిస ఏ రాష్ట్రంలో దొరికినా యజమానికి అప్పగించాలన్న శాసనాన్ని, ఎత్తి రాస్తారు. అయితే కథ నడుస్తున్న నాటికి ఆ చట్టం ఇంకా పుట్టలేదు. అప్పుడు అమలులో ఉన్నది 1793 నాటి పాత చట్టం. పైగా హక్‌ను భయపెట్టినది శిక్ష కన్నా, మనిషిని ఆస్తిగా చూడటమే ధర్మమని నేర్పిన ఊరి మతబోధ.

రాసిన కాలం మరో తలుపు తెరుస్తుంది. బానిసత్వం 1865లో రాజ్యాంగ సవరణతో రద్దయింది, 1877లో దక్షిణాది నుంచి సమాఖ్య సైన్యం రక్షణ ఉపసంహరించుకున్నాక నల్లవారికి వచ్చిన హక్కులు ఒక్కొక్కటిగా చేజారసాగాయి. నవల చివర్లో యజమానురాలి వీలునామా ద్వారా అప్పటికే స్వేచ్ఛ పొందిన జిమ్‌ను, ఆ సంగతి తెలిసిన టామ్ సాయర్ ఆటగా మళ్లీ ‘విడిపించడం’ చాలా మందికి విసుగు పుట్టించే భాగమే. కానీ కాగితం మీద స్వేచ్ఛ ఇచ్చి చేతల్లో బంధించిన 1877 తర్వాతి కాలాన్ని దృష్టిలో పెట్టుకుని చూస్తే, ఆ సాగదీతలో ఎత్తిపొడుపు ఉందన్న విమర్శకుల మాట కొట్టిపారేయలేనిది.

దూరదేశపు తేదీకి సొంత ప్రాంతపు తేదీని జోడిస్తే అది మనసులో నిలుస్తుంది. హక్ తెప్ప నదిలో సాగిన ఆ దశాబ్దంలోనే, 1842లో, అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరాడు. అంతకు పదేళ్ల ముందు, 1832-33లో, నందన కరువు ఇదే గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది.

ఇదే పద్ధతిని సొంత గడ్డ మీద ప్రయోగించడానికి ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మించిన పుస్తకం లేదు. ఆయన జైలులో రాయగా 1922లో వెలువడిన ఈ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇందులో రెండు కాలాలూ దాదాపు ఒకటే, అందువల్ల పని సులువనిపిస్తుంది గాని, నేటి పాఠకుడికి అందనిది మరొకటి ఉంది. కోతల వేళ కూలి కింద గింజలు కొలవకుండా డబ్బు ఇస్తామని భూస్వాములు పట్టుపట్టడం, కూలీల పక్షాన దళిత యువకుడు సంగదాసు నిలబడటం, చివరకు భూస్వామి చౌదరయ్య చేతి దెబ్బకు అతను ప్రాణాలు వదలడం చదివినప్పుడు, నెల తిరిగేసరికి జీతం బ్యాంకులో పడే ఇంటి పిల్లలకు డబ్బు ఇస్తామంటే గొడవెందుకన్న సందేహం న్యాయంగానే వస్తుంది. దానికి జవాబు ధరలలో ఉంది. 1914-18 యుద్ధకాలంలో ధాన్యం ధర పెరిగిపోయి, 1918లో మద్రాసు రాజధానిలో పలుచోట్ల ధాన్యపు లూటీలు జరిగేంత వరకు పోయింది. కుంచాలతో కొలిచే కూలి ధర ఎంత పెరిగినా కడుపు నింపుతుంది, రూపాయల్లో ఖాయం చేసిన కూలి మాత్రం ధర పెరిగిన కొద్దీ కుంగిపోతుంది. ఈ ఒక్క లెక్క తెలియకపోతే సంగదాసు మరణం ఆవేశపు కలహంగా మిగిలిపోతుంది.

ఇలాంటి లెక్కలకు ఆధారాలు దొరకని ప్రాంతమేమీ కాదిది. వేటపాలెంలో 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను భద్రపరచిన గ్రంథాలయంగా పరిశోధకులందరికీ తెలిసినదే. గుంటూరు జిల్లా 1904లో ఏర్పడకముందు ఈ ప్రాంతపు ఊళ్లు కృష్ణా జిల్లాలో ఉండేవి గనుక, అంతకు ముందరి సంగతులకు గోర్డన్ మెకెంజీ 1883లో వెలువరించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ను తిరగెయ్యాలి. ఆధారం దొరికిన ఆనందంలో నవలను వదిలేసి ఆధారాన్నే వర్ణించే వ్యాసాలు కూడా తయారవుతుంటాయి, అది మరో రోగం. నవలలోని ఏ వాక్యం అర్థం కాక గ్రంథాలయానికి వెళ్లారో, తిరిగి వచ్చి ఆ వాక్యాన్నే చదవాలి.

పేరులోనే వడ్లున్న వడ్లమూడి వంటి ఊళ్లలో గింజల కూలిని కళ్లారా చూసిన పెద్దలు కొందరు ఇంకా ఉన్నారు. కుంచానికి నాలుగు మానికలన్నది వాడుక లెక్కే అయినా, ఏ కుంచం ఎంత పట్టేదన్నది ఊరూరికీ మారేది. కాబట్టి నాయనమ్మనో తాతయ్యనో అడిగి రాసుకునే విద్యార్థి, కొలతతో పాటు అది ఏ ఊరి కొలతో కూడా పక్కనే రాసిపెట్టుకోవాలి.