సెకండ్: లెక్క ఎవరిది?

సిమోన్ ద బోవా 1949లో ఫ్రెంచిలో రాసిన పుస్తకం 1953లో ‘ది సెకండ్ సెక్స్’గా ఇంగ్లీషులోకి వచ్చింది. స్త్రీవాదం చదువుకున్న మనందరికీ ఆ పేరు పరిచయమే. అందులోని ‘సెకండ్’ను మాత్రం మనం పెద్దగా పట్టించుకోలేదు.

ఈ మాటకు మూలం లాటిన్. ‘వెంట నడవడం’ అనే క్రియ నుంచి పుట్టింది. అంటే అంకెలో రెండు కాదు, ఒకరి వెనక వచ్చేది అని అర్థం. ఫ్రెంచి మీదుగా ఇది రాకముందు పాత ఇంగ్లీషులో రెండోదాన్ని ‘అదర్’ అనేవాళ్లు. రోజు విడిచి రోజు అనడానికి ‘ఎవ్రీ అదర్ డే’ అని ఇప్పటికీ అంటారు కదా. స్త్రీని ‘అన్య’గా నిలబెట్టారన్నదే బోవా వాదన. ఒకప్పుడు రెండోదీ అన్యమైనదీ ఆ భాషలో ఒకే మాటన్నమాట!

మన భాషల్లో అలా కాదు. తెలుగు, తమిళం, కన్నడం కలిసే చోటు కుప్పం. ఈ భాషల చదువు కోసమే 1997లో అక్కడ ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తెలుగు ‘రెండో’, తమిళ ‘ఇరండావదు’, కన్నడ ‘ఎరడనెయ’ మూడూ నేరుగా అంకె నుంచే వచ్చాయి. వెంట నడవమనే ఆజ్ఞ వాటిలో లేదు.

మాటలో లేని ఆ ఆజ్ఞను వాడుక తెచ్చిపెట్టింది. పుంగనూరు వైపు బంధువుల ఇళ్లలో నేను తరచూ విన్న మాట, ‘పాపం, ఆ పిల్లను రెండో సంబంధానికి ఇచ్చినారు’ అని. ఎవరికి రెండోది? ఆ పిల్లకు అదే మొదటి పెళ్లి. ఆమె జీవితాన్ని అతని లెక్కతో కొలుస్తున్నాం. క్రమసంఖ్య చాలా అమాయకంగా కనిపిస్తుంది కానీ, లెక్కపెడుతున్నది ఎవరో చెప్పదు.

చరిత్రా ఇలాగే లెక్కపెడుతుంది. 1919లో మదనపల్లె బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాలలో టాగూరు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించాడు. ఆ బాణీకి స్వరలిపి రాసింది మార్గరెట్ కజిన్స్. సంగీతంలో పట్టా ఉన్న మనిషి. ఐర్లండులో ఓటు హక్కు కోసం జైలుకెళ్లింది. 1917లో ఇక్కడ ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను స్థాపించినవాళ్లలో ఒకరు. అయినా ఆ కథ చెప్పేటప్పుడు ముందుగా ‘ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య’ అంటారు, పేరు ఆ తర్వాత వస్తుంది.

సాహిత్యంలో మన పట్టిక మాత్రం వేరుగా ఉందా? గురజాడ ‘దిద్దుబాటు’ 1910 నాటిది. బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నాటిది. తేదీలు ఇంత స్పష్టంగా ఉన్నా, తొలి కథ ఏదన్నప్పుడు దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు గురజాడ పేరే చెప్పాయి. తేదీ సరిపోతే శిల్పం చాలదన్నారు. కొలబద్ద మార్చే అధికారం ఎవరి చేతిలో ఉందో దీన్నిబట్టే తెలుస్తోంది.

అచ్చమాంబకు ఆ మొదటి స్థానం దక్కాల్సిందే. అందులో రాజీ లేదు. కానీ అక్కడితో ఆగితే పట్టిక అలాగే ఉంటుంది, పేర్లు మాత్రమే మారతాయి. లాటిన్‌లో అదే మాటకు ‘అనుకూలమైనది’ అన్న అర్థమూ ఉంది. ఓడను వెనకనుంచి నడిపే గాలిని అలా అనేవారు. వెనక ఉన్నదే నడిపిస్తోందని ఆ నావికులకు తెలుసు. మన సాహిత్య చరిత్రకారులు ఇంకా ఒప్పుకోవలసి ఉంది.