తీసివేతల వరుస తెలిసినవాళ్లు

అమెరికాలో వైకల్యం ఉన్న కుర్రవాడికి కిరాణా దుకాణంలోనో గ్రంథాలయంలోనో ఉద్యోగం వస్తే, ఆ ఇంట్లో సంతోషం పూటైనా నిలవదు. ‘ప్రభుత్వమిచ్చే చెక్కు ఆగిపోతుందేమో’ అని ఒకరంటారు. ‘మరి మందులో?’ అని ఇంకొకరంటారు. ‘వద్దులే నాన్నా, ఉన్నదేదో ఉండనీ’ అని తల్లి తేల్చేస్తుంది. ఆ మాట దగ్గర ఆగిపోయిన ఉద్యోగాలు ఎన్నో. దాన్ని అక్కడ ఆగనివ్వకుండా కాగితం, కాలిక్యులేటరు పట్టుకుని కూర్చునేవారిని బెనిఫిట్స్ కౌన్సెలర్లంటారు. 1999 డిసెంబరు 17న అధ్యక్షుడు క్లింటన్ సంతకం చేసిన ‘టికెట్ టు వర్క్’ చట్టంతో ఈ వృత్తికి ప్రభుత్వ దన్ను దొరికింది. సోషల్ సెక్యూరిటీ సంస్థ నిధులతో నడిచే కేంద్రాల్లో ఈ సలహా ఉచితం. వీరిలో నిపుణులైనవారు రాసిచ్చే నివేదికను పంక్తి పంక్తీ చదివితే, భయాన్ని విడదీసి చూపించడం ఎంత గొప్ప పనితనమో అర్థమవుతుంది.

మొదటి నేర్పు, ఎదుటివారు చెప్పినదాన్ని బట్టి లెక్క మొదలుపెట్టకపోవడం. ‘నాకు డిజేబిలిటీ వస్తోంది’ అంటారు ఎవరైనా. ఆ ఒక్క మాట కింద రెండు వేరు వేరు పథకాలున్నాయి. ఎస్‌ఎస్‌ఐ అనేది ఆదాయం, ఆస్తి లేనివారికి ఇచ్చే సాయం, 1974 జనవరి నుంచి నడుస్తోంది. ఎస్‌ఎస్‌డీఐ 1956 నాటి చట్టంతో పుట్టిన బీమా, జీతంలోంచి కట్టిన పన్ను మీద వచ్చేది. రెండూ ఒకే కార్యాలయం నుంచి వస్తాయి, ఒకే బ్యాంకు ఖాతాలో పడతాయి, కొందరికి రెండూ అందుతాయి. కానీ జీతం మొదలవగానే ఒక్కోదాని నడక ఒక్కోలా ఉంటుంది. అందుకని కౌన్సెలర్ ముందు అనుమతి పత్రం మీద సంతకం తీసుకుంటారు. సోషల్ సెక్యూరిటీ నుంచి ఆ మనిషి రికార్డు తెప్పిస్తారు. ఏ పథకం, ఎంత మొత్తం, మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉందా, పాత ఉద్యోగాల జీతాలు ఏ సంవత్సరంలో ఎంత, ఇవన్నీ అందులో ఉంటాయి. అది చేతికొచ్చేదాకా ఒక్క అంకె కూడా చెప్పని కౌన్సెలర్ మీద నాకు నమ్మకం కుదురుతుంది.

ఇక లెక్క. 2025లో ఒక్క మనిషికి పూర్తి ఎస్‌ఎస్‌ఐ నెలకు 967 డాలర్లు. ఒక కుర్రవాడు ఇంటి ఖర్చులో తన వాటా తానే కడుతున్నాడు, వేరే ఆదాయం లేదు, నెలకు 885 డాలర్ల జీతం వచ్చే పని దొరికింది అనుకుందాం. జీతంలోంచి ముందు 20, తర్వాత 65 తీసేస్తారు. 800 మిగిలింది. అందులో సగమే లెక్కలోకి వస్తుంది, అంటే 400. చెక్కు 967 నుంచి 567కు తగ్గుతుంది. జీతం, చెక్కు కలిపితే 1,452. ఉద్యోగం లేనప్పటికన్నా 485 డాలర్లు ఎక్కువ. చెక్కు పూర్తిగా సున్నా కావాలంటే జీతం 2,019 దాకా పెరగాలి. ‘పని చేస్తే నష్టపోతాం’ అని ఏళ్ల తరబడి నమ్మిన తల్లిదండ్రులకు ఈ నాలుగు పంక్తులు చాలు.

నిజమైన పనితనం తీసివేతల వరుసలో కనిపిస్తుంది. ఆ కుర్రవాడు పనికి వెళ్లడానికి తన వైకల్యం కారణంగా నెలకు 100 డాలర్లు ప్రత్యేక రవాణాకు పెడుతున్నాడనుకోండి. దాన్ని పనికి సంబంధించిన ఖర్చుగా ఒప్పుకుంటే, సగం చేయడానికి ముందే 800 లోంచి తీసేస్తారు. 700లో సగం 350. చెక్కు 617 అవుతుంది, పెట్టిన వందలో యాభై వెనక్కి వచ్చినట్టు. అదే అతను చట్టం ప్రకారం అంధుడైతే, ఆ వందను సగం చేశాక తీస్తారు. 400 లోంచి 100 పోతే 300. చెక్కు 667. పెట్టిన వందా తిరిగొచ్చింది. ఖర్చు అదే, రసీదు అదే, తీసివేసిన చోటు మారింది. అంధుల ఖర్చుల జాబితా కూడా పెద్దది. జీతంలోంచి కోసుకున్న పన్నులు సైతం అందులోకి వస్తాయి. తెలియని చేతిలో ఈ డబ్బు నెలనెలా జారిపోతుంది. తెలిసిన కౌన్సెలర్ ‘ఉద్యోగానికి ఎలా వెళతారు, ఎవరు దింపుతారు, ఏ మందు వేసుకుంటే పని చేయగలుగుతారు, దానికి మీ జేబులోంచి ఎంత పెడతారు’ అని మాటల్లో మాటగా అడుగుతూ ఆ వందను బయటికి లాగుతారు.

ఒక్క మాట ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆ 20, ఆ 65 పథకం మొదలైన 1974 నుంచి మారలేదు. యాభై ఏళ్లలో బియ్యం, అద్దె, బస్సు టికెట్టు అన్నీ ఎక్కడికో పోయాయి. ఈ రెండంకెలు మాత్రం కదల్లేదు. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. కౌన్సెలర్లు చట్టాన్ని మార్చలేరు. ఉన్న చట్టంలో మనిషికి దక్కాల్సిన ప్రతి డాలరూ దక్కేలా చూస్తారు.

ఎస్‌ఎస్‌డీఐ దారి వేరు. ఇందులో చెక్కు కొంచెం కొంచెంగా తగ్గదు. ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. అయితే ఆ అంచుకు చేరేలోపు చాలా మెట్లున్నాయి. 60 నెలల వ్యవధిలో తొమ్మిది నెలలు ట్రయల్ వర్క్. ఆ నెలల్లో ఎంత సంపాదించినా చెక్కు ఆగదు. 2025లో నెలకు 1,160 డాలర్లు దాటితే అది ఒక ట్రయల్ నెల కింద జమ. తొమ్మిదీ అయిపోయాక 36 నెలల ఊతం ఉంటుంది. అప్పుడు చూసే గీత 2025లో 1,620 డాలర్లు, అంధులకు 2,700. గీత మొదటిసారి దాటిన నెలకూ, ఆ తర్వాతి రెండు నెలలకూ చెక్కు వస్తుంది. తర్వాత గీత దాటిన నెలల్లో రాదు, దాటని నెలల్లో మళ్లీ వస్తుంది. అదీ ముగిశాక పథకం ఆగిపోయినా, అదే వైకల్యం వల్ల పని వదలాల్సి వస్తే అయిదేళ్లలోపు కొత్త దరఖాస్తు లేకుండానే తిరిగి పెట్టించుకోవచ్చు. ఆ విచారణ జరిగేటప్పుడు ఆరు నెలల దాకా తాత్కాలికంగా డబ్బు ఇస్తారు. నాలుగేళ్ల కిందట ఎక్కడో కొన్నాళ్లు చేసి మర్చిపోయిన పనిలో ఎన్ని ట్రయల్ నెలలు ఖర్చయ్యాయో రికార్డు చూస్తేనే తెలుస్తుంది. ముందు రికార్డు తెప్పించడం ఎందుకన్నది ఇక్కడ తేటపడుతుంది.

మన తెలుగు కుటుంబాలకు ఇది దగ్గరి సంగతి. హెచ్1బీ మీద ఉన్నవారికి ఎస్‌ఎస్‌ఐ రాదు, గ్రీన్ కార్డు వారికి గట్టి షరతులున్నాయి. కానీ టెక్సాస్‌లోనో న్యూజెర్సీలోనో ఇరవై ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసి, పౌరసత్వం తీసుకుని, ఇప్పుడు రిటైరవుతున్న తరం మనది. ఆటిజంతోనో మరో వైకల్యంతోనో పెరిగిన కొడుకుకు పద్దెనిమిదేళ్లు నిండాక తల్లిదండ్రుల ఆదాయాన్ని అతని లెక్కలో కలపరు కనుక ఎస్‌ఎస్‌ఐ వచ్చి ఉంటుంది. తండ్రి రిటైరైన నాడు, వైకల్యం 22 ఏళ్లలోపు మొదలైందని తేలితే, కొడుకు తండ్రి రికార్డు మీద బీమా చెక్కుకు మారతాడు. నెలకు 1,500 వస్తుందనుకుందాం. ఇంట్లో అందరూ పెరిగిందని సంతోషిస్తారు. కొడుకు చేసే పని మారలేదు, జీతమూ మారలేదు, నియమాలు మాత్రం మొత్తంగా మారిపోయాయి. ఎస్‌ఎస్‌ఐలో జీతం 1,600 నుంచి 1,700కు పెరిగితే చెక్కులో పోయేది 50 డాలర్లు. ఇప్పుడు, ట్రయల్ నెలలు, ఆ పై మూడు నెలలు దాటాక, అదే వంద పెంపు 1,500 డాలర్లను మింగుతుంది.

మంచి కౌన్సెలర్ ఆ మార్పును తండ్రి రిటైర్మెంటుకు ముందే కాగితం మీద పెడతారు. దారీ వెతుకుతారు. కొడుకు పక్కన సూపర్‌వైజరు అదనంగా నిలబడి పని చేయిస్తున్నాడా, మిగతావారి కన్నా తక్కువ పనికి అదే జీతం ఇస్తున్నారా అని అడుగుతారు. ఆ మేరకు జీతంలో కొంత భాగం, ఉదాహరణకు 15 శాతం, యజమాని ఇస్తున్న సాయమని రాతపూర్వకంగా చూపిస్తే, 1,700లో దాన్ని తీసేసి 1,445నే గీతతో పోలుస్తారు. చెక్కు నిలుస్తుంది. ఈ తగ్గింపు ట్రయల్ నెలల లెక్కకు పనికిరాదు, ఎస్‌ఎస్‌ఐ లెక్కకూ పనికిరాదు. ఏ పనిముట్టు ఎక్కడ పనిచేయదో కూడా తెలిసి ఉండటమే ఈ చేతి గొప్పతనం.

మందుల సంగతికి వస్తే, చాలామంది అసలు భయం ఇదే. ఎస్‌ఎస్‌ఐ చెక్కు జీతం వల్ల సున్నా అయినా, రాష్ట్రం పెట్టిన ఆదాయ పరిమితి లోపల ఉంటే మెడికెయిడ్ అనే ప్రభుత్వ వైద్య సాయం కొనసాగుతుంది. బీమా చెక్కు ఉన్నవారికి ట్రయల్ నెలల తర్వాత కనీసం 93 నెలలు మెడికేర్ ఉంటుంది. తండ్రి రికార్డుకు మారడం వల్లనే ఎస్‌ఎస్‌ఐ పోయినవారికి మెడికెయిడ్ నిలిపే ప్రత్యేక రక్షణ ఉంది. దీని గురించి రాష్ట్ర కార్యాలయానికి గుర్తు చేస్తూ రాయాల్సిన ఉత్తరం నమూనాను నివేదికకు జతచేసేంత శ్రద్ధ ఉన్నవారిని నేను తలచుకుంటూనే ఉంటాను.

తర్వాత క్యాలెండరు. ఎస్‌ఎస్‌ఐలో ఈ నెల చేతికందిన జీతం రెండు నెలల తర్వాతి చెక్కు మీద పడుతుంది. రెండు వారాలకోసారి 400 వచ్చేవారికి మామూలు నెలలో 800, మూడు జీతాలు పడే నెలలో 1,200. రెండు నెలల తర్వాత చెక్కు ఉన్నట్టుండి 200 తగ్గుతుంది. చెప్పేవారు లేకపోతే ఆ ఇంటిల్లిపాదీ ‘అదిగో, కోసేశారు’ అని కంగారుపడి ఉద్యోగం మాన్పిస్తారు. నివేదికలో ఆ నెలను ముందే గుర్తుపెట్టి, ‘ఈ చెక్కు తగ్గుతుంది, వచ్చే నెల మళ్లీ మామూలే’ అని రాసి ఉంటే అద్దె డబ్బు సర్దుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

‘చేరండి’ అని గానీ ‘వద్దు’ అని గానీ ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఈ జీతానికి ఇది, ఆ జీతానికి అది అని పక్కపక్కన పెట్టి నిర్ణయాన్ని ఆ మనిషికే వదులుతారు. చెడు వార్త ఉంటే అదీ రాస్తారు. జీతం వివరాలు సమయానికి తెలియజేయకపోతే ఎక్కువ చెల్లించిన డబ్బు అప్పుగా మెడకు చుట్టుకుంటుందని, పే స్టబ్బులు, పంపిన రుజువులు దాచుకోవాలని నొక్కి చెబుతారు.

చివరి పేజీల్లో పొదుపు ఉంటుంది. ఎస్‌ఎస్‌ఐ ఉన్న ఒక్క మనిషి దగ్గర 2,000 డాలర్లకు మించి ఉండకూడదన్న పరిమితి 1989 నుంచి మారలేదు. ప్రతి నెలా ఒకటో తేదీ మొదలయ్యే క్షణానికి ఎంత ఉందో చూస్తారు. సంపాదన మొదలైన కుర్రవాడు నాలుగైదు నెలల్లో తెలియకుండానే ఆ గీత దాటతాడు. దానికి 2014 చట్టంతో వచ్చిన ఏబుల్ ఖాతా ఉంది. అందులో లక్ష డాలర్ల దాకా ఎస్‌ఎస్‌ఐ లెక్కలోకి రాదు. ఖాతా తెరవడానికి వైకల్యం 26 ఏళ్లలోపు మొదలై ఉండాలన్న షరతు 2026 జనవరి నుంచి 46 ఏళ్లకు సడలింది. కాబట్టి ఖర్చులు పోగా మిగిలిన జీతాన్ని నెల ఆఖరు రోజుకు ముందే ఏబుల్‌లోకి మార్చుకోవాలని, ఆ పని ఎవరు చేస్తారో పేరుతో సహా, నివేదికలో రాసి ఉంటుంది.