ఆ రోజు నేనేం రాశాను?

పాత కాగితాలు సర్దుతుంటే 2007 నాటి నోట్‌బుక్కు ఒకటి చేతికి తగిలింది. జూన్ నెలాఖరు పేజీలో నా చేతిరాతే: ‘ఓడెన్‌నే తీసుకోవాలి. ఆలోచించాల్సిందేమీ లేదు.’

చదివి కాసేపు మాట రాలేదు. ఎందుకంటే ఇన్నేళ్లుగా మిత్రుల దగ్గర నేను చెబుతున్నది వేరు. ‘పోర్ట్‌లాండ్ వాళ్లు కళ్లుండి కూడా డ్యురాంట్‌ను వదిలేశారు, నేను అప్పుడే అనుకున్నాను’ అని. బొంకుదామని చెప్పింది కాదు. అలాగే అనుకున్నానని నిజంగా నమ్మాను.

వద్దనుకున్న సంబంధం పదేళ్ల తర్వాత పెద్ద కారులో దిగితే, ‘నేను అప్పుడే చెప్పాను, ఎవరు విన్నారు?’ అనే మేనత్త ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఆటల గురించి రాసే మాబోటివాళ్లం ఆ మేనత్తకు తమ్ముళ్లం. మాకు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్ కంటే మంచి మేత దొరకదు. కాలేజీ కుర్రాళ్లను, విదేశీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఓడిన జట్లకు ముందు వంతు. అందరికంటే ముందు ఎంచుకునే అవకాశం వచ్చాక తప్పటడుగు పడితే తరాలు మారినా తిట్లు ఆగవు.

ఆ తిట్లు ఎక్కువ తిన్నది పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్. 1984లో వాళ్లది రెండో వంతు. తీసుకున్నది కెంటకీ విశ్వవిద్యాలయపు సెంటర్, అంటే బుట్ట దగ్గర ఆడే పొడగరి, శామ్ బోవీని; ఎత్తు 7 అడుగుల 1 అంగుళం. మూడో వంతులో షికాగోకు దక్కినవాడు మైకేల్ జోర్డాన్. 2007లో పోర్ట్‌లాండ్‌కు ఏకంగా మొదటి వంతే వచ్చింది. మళ్లీ సెంటరే: ఒహాయో స్టేట్‌కు ఆడిన గ్రెగ్ ఓడెన్. రెండో వంతులో సియాటిల్‌కు కెవిన్ డ్యురాంట్ దొరికాడు. ఈ రెండు కథల్నీ ఒకే గాటన కట్టి చెప్పడం మాకు అలవాటు. ఎత్తు చూసి మోసపోయిన ఊరు అని ముక్తాయింపు.

నోట్‌బుక్కు దొరికాక రెండింటినీ విడదీసి చూడాలనిపించింది.

1984లో మొదటి వంతు హ్యూస్టన్‌ది. వాళ్లు హకీమ్ ఒలాజువాన్‌ను తీసుకున్నారు. అంటే జోర్డాన్‌ను వాళ్లూ వదిలేశారు. కానీ 1994, 1995లో ఒలాజువాన్ రెండు టైటిళ్లు గెలిపించాడు కాబట్టి హ్యూస్టన్‌ను పల్లెత్తు మాట అన్నవాడు లేడు. మనం తూచేది నిర్ణయాన్ని కాదు, దాని తర్వాత జరిగినదాన్నని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అలాగని పోర్ట్‌లాండ్‌ను విడిచిపెట్టలేను. బోవీ కాలి ఎముక గాయంతో కాలేజీలో వరసగా రెండు సీజన్లు ఆడలేదు. అది అందరికీ తెలుసు. వైద్య పరీక్షలు చేయించారు, సరేనన్నారు. నొప్పి ఉన్నా లేదని ఆ పరీక్షలో చెప్పినట్టు 2012లో వచ్చిన డాక్యుమెంటరీలో బోవీయే ఒప్పుకున్నాడు. పాపం, ఆ నొప్పి జట్టుకు కనిపించేది కాదు. పోయిన రెండేళ్లు మాత్రం కనిపిస్తూనే ఉన్నాయి. అయినా ఎందుకు తీసుకున్నారు? జోర్డాన్ ఆడే స్థానంలో జిమ్ పాక్సన్ ఉన్నాడు, అంతకు ముందు ఏడాదే తెచ్చుకున్న క్లైడ్ డ్రెక్స్‌లర్ ఉన్నాడు. సెంటర్ కుర్చీ ఖాళీగా ఉంది. 1977లో బిల్ వాల్టన్ అనే సెంటర్‌తోనే ఆ ఊరు టైటిల్ చూసింది. మనిషిని చూడాల్సిన చోట కుర్చీని చూశారు. ఈ తప్పు కనిపెట్టడానికి జోర్డాన్ గెలిచిన ఆరు టైటిళ్లు అక్కర్లేదు. 1984 జూన్‌లోనే కనిపించేది. బోవీ మొదటి సీజన్‌లో 76 మ్యాచ్‌లు ఆడాడు. తర్వాత కాళ్లు విరిగి, పోర్ట్‌లాండ్‌కు మొత్తం ఆడింది 139.

2007 సంగతి అది కాదు. ఓడెన్ ఒహాయో స్టేట్‌ను జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఓడిపోయిన ఆ ఫైనల్లోనే 25 పాయింట్లు, 12 రీబౌండ్లు సాధించాడు. మణికట్టు శస్త్రచికిత్స వల్ల ఆ సీజన్‌లో చాలా రోజులు ఎడమచేత్తో ఫ్రీ త్రోలు వేశాడు. డ్యురాంట్ గొప్పవాడని అప్పుడూ తెలుసు. కాలేజీ ఆటలో పెద్ద అవార్డులన్నీ ఆ ఏడాది అతనివే. కానీ డ్రాఫ్ట్‌కు ముందు జరిపే శరీర పరీక్షల్లో 185 పౌండ్ల బరువును ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు. పోర్ట్‌లాండ్ ఇద్దరినీ పిలిపించి చూసి, ఓడెన్‌ను ఎంచుకుంది. సెప్టెంబరులో అతని కుడి మోకాలికి శస్త్రచికిత్స. మొదటి సీజన్ మొత్తం పోయింది. 2009 డిసెంబరులో ఎడమ మోకాలి చిప్ప పగిలింది. పోర్ట్‌లాండ్ తరఫున అతను ఆడినవి 82 మ్యాచ్‌లు. ఏ జట్టయినా ఒక్క సీజన్‌లో ఆడే లెక్క అది.

మొదటిది తప్పు, రెండోది దురదృష్టం. ఒకదానికి నిందించవచ్చు, రెండోదానికి ఓదార్చాలి. ఇన్నాళ్లూ రెండింటికీ ఒకే బెత్తం వాడాను.

ఇక్కడితో ఆపితే నాకూ హాయిగా ఉండేది. దురదృష్టమే కనుక, ఓడెన్ పేరు రాసుకున్న నేనూ నిర్దోషినే. కానీ నోట్‌బుక్కులో రెండో వాక్యం ఒకటి ఉందే! ‘ఆలోచించాల్సిందేమీ లేదు.’ ఎందుకు ఓడెనో ఒక్క కారణం రాసుకోలేదు. అతని ఆట చూసి అన్నానా, అందరూ అంటున్నారని అన్నానా? పేజీని ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. పోర్ట్‌లాండ్ కారణాలతోనే ఎంచుకుంది. అందుకే ఇవాళ వాళ్లను నిలదీయగలుగుతున్నాం, సమర్థించగలుగుతున్నాం కూడా. నన్ను నేను ఆ రెండూ చేసుకోలేను.

ఇప్పుడు డ్రాఫ్ట్‌కు ముందు రోజు రాత్రి నోట్‌బుక్కు తీసి కూర్చుంటాను. పేరు రాయడానికి అర నిమిషం చాలు. పక్కన ‘ఎందుకంటే’ అని రాశాక పెన్ను ఆగిపోతుంది. కొన్నిసార్లు చాలాసేపు ఆగిపోతుంది.